గుండ్రబల్ల దగ్గర నా నోటుపుస్తకం

అరవయ్యో ఏడు దగ్గరపడేదాకా నాకు రాయడం రాదు. అందుకే ఇది ఇంతకుముందు రాయలేదు. వచ్చాక కూడా తొమ్మిదేళ్ళు ఊరికే ఉన్నాను. పచ్చడి సీసాల మీద అంటించే చీటీలు తప్ప నా రాతతో ఎవరికీ పనిపడలేదు.

ఎందుకు రాలేదని అడిగినవాళ్ళు పెద్ద కథ చెబుతానని కుర్చీ సర్దుకుంటారు. కథ చిన్నదే. మా అమ్మ ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగు షెడ్డులో పనిచేసేది. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను వెంట తీసుకువెళ్ళేది. బడికి పదకొండు రోజులు వెళ్ళాను. పన్నెండో రోజున తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడి జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది కానీ నన్ను మళ్ళీ బడికి పంపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. ఎనిమిదేళ్ళకే ఆకును రెండు వేళ్ళ మధ్య రుద్ది అది ఏ రకమో చెప్పేదాన్ని. మేస్త్రి నన్ను మెచ్చుకునేవాడు. ఆ మెప్పు చాలనుకున్నాను.

పెళ్ళయ్యాక మరీ సుఖపడిపోయాను. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్ళే ముందు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని పేపరు మొత్తం పైకి చదివేవారు. ఇజ్రాయెల్, పాలస్తీనా అన్న మాటలు నేను మొదట విన్నది ఆ గుమ్మంలోనే. "మళ్ళీ చర్చలకు కూర్చున్నారట" అని చదివేవారు. నాలుగు రోజులకు, "చర్చలు ఆగిపోయాయట" అనేవారు. నేను పోపు వేస్తూ, "ఎవరు ముందు లేచిపోయారు?" అని అడిగేదాన్ని.

"అది పేపర్లో రాయరు" అనేవారు ఆయన.

ఆయన పోయాక నన్ను మా అమ్మాయి వర్జీనియాకు, హెర్న్‌డన్‌లోని తన ఇంటికి తీసుకువచ్చింది. అప్పటికి మా మనవరాలికి పదేళ్ళు. మరుసటి ఏడాది ఆ పిల్లను ఆదివారం తెలుగు క్లాసులో వేశారు. అది వెళ్ళనని కార్‌లోనే సీటు బెల్టు పట్టుకుని కూర్చుంది. చివరికి ఒక షరతు పెట్టింది. అమ్మమ్మ కూడా కూర్చుంటేనే తను కూర్చుంటుందట. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నా పక్కన ఆరేళ్ళ పిల్లలు. నా మోకాళ్ళు బల్ల కింద పట్టేవి కావు. పక్కన కూర్చున్న చిన్నపిల్ల నా పలక వైపు చూసి, "ఆంటీ, మీది బాగుంది కానీ తిరగబడింది" అని చెప్పింది. అలా మా మనవరాలూ నేనూ ఒకే ఏడాది అక్షరాలు నేర్చుకున్నాం. అది వాటిని రెండేళ్ళలో మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. ఈ చిన్న తేడా వల్లే తర్వాత జరిగినదంతా జరిగింది.

మా టౌన్‌హౌస్‌కు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. ఐర్లండులో పుట్టి, వయసంతా ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేసి, భార్య ఊరని ఇక్కడ స్థిరపడ్డాడు. భార్య ఇప్పుడు లేదు. ఆయన నీలిటోపీ పెట్టుకుని, చేతిలో ఆయుధం లేకుండా, లెబనాన్ సరిహద్దులోనూ గోలాన్ కొండల మీదా పరిశీలకుడిగా ఉన్నాడు. పరిశీలకుడంటే ఏం చేస్తాడని నేను మొదట్లోనే అడిగాను. ఎత్తైన చోట కూర్చుని, దుర్భిణీలోంచి రెండు వైపులా చూసి, చూసింది పుస్తకంలో రాయడమేనని చెప్పాడు. "ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి. ఈ మూడే. ఎందుకు అన్నది మా పని కాదు."

ఆ అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. వీధి వైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఇప్పటికీ రాస్తాడు. ఏడూ పదికి గోధుమరంగు కుక్క, యజమాని ఫోన్‌లో ఉన్నాడు. ఏడున్నరకు స్కూల్ బస్సు, నాలుగు నిమిషాలు ఆలస్యం. మంచు కురిసిన ఒక రోజు మా గుమ్మం ముందు మంచు కూడా తనే తోసి పెట్టాడు. నేను పప్పూ అన్నం పట్టుకెళ్ళి, ఏమని పిలవాలో తెలియక "అన్నయ్యగారూ" అన్నాను. అది ఆయనకు నచ్చింది. దానికి తిరిగి ఏమనాలో మా మనవరాలిని అడిగి తెలుసుకుని, మర్నాటి నుంచి నన్ను "చెల్లీ" అని పిలవడం మొదలుపెట్టాడు.

గాజాలో యుద్ధం మొదలయ్యాక ఆ ఏడాది ఆయన తన బేస్‌మెంట్‌లో ఒక పని పెట్టుకున్నాడు. ఈ చుట్టుపక్కలే అరగంట దూరంలో ఉండే ఆరుగురిని పోగుచేశాడు. ముగ్గురు ఇజ్రాయెల్ నుంచి వచ్చినవాళ్ళు, ముగ్గురు పాలస్తీనా వాళ్ళు. రెండు వారాలకోసారి శనివారం మూడింటికి కూర్చుని మాట్లాడుకోవాలి. మా మనవరాలు అప్పటికి యూనివర్సిటీలో చేరి అంతర్జాతీయ సంబంధాలు చదువుతోంది. వారాంతాల్లో ఇంటికి వచ్చి ఆయనకు సాయం చేసేది.

పెద్ద పెద్ద చర్చల దగ్గర ఏం చేస్తారో అదే ఆయన బేస్‌మెంట్‌లోనూ చేశాడు. ఎవరో వీధిలో అమ్మకానికి పెట్టిన గుండ్రబల్ల తెచ్చాడు, పెద్దపీట అంటూ ఎవరికీ ఉండకూడదని. ఇంట్లోంచి మెట్లు ఒక దారి, పెరటి వైపు తలుపు ఇంకో దారి. రెండు వైపులవాళ్ళూ ఒకేసారి లోపలికి అడుగుపెట్టాలి. మధ్యలో నిలబడి మూడు లెక్కపెట్టేవాడు. పెరటి వైపు చలి ఎక్కువని గొడవ వస్తే వంతులు పెట్టాడు.

తిండి దగ్గర మాత్రం ఆయన అనుభవం పనిచేయలేదు. మొదటి రోజు హమ్మస్ అనే శనగల ముద్ద, రొట్టె పెట్టాడట. అది ఎవరి వంటకం అన్న దాని మీదే గంట గడిచిపోయింది. మా మనవరాలు పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, టూ సైడ్స్‌లో ఎవరూ మాది అని అనని స్నాక్ ఏదైనా ఉందా?" అని అడిగింది.

నేను జంతికలు వండి పంపాను. మాదని ఎవరూ అనలేదు. అలా నా ఉద్యోగం జంతికలతో మొదలైంది.

రెండు మూడు సార్లు బాగానే సాగింది. చెడింది రాత దగ్గర. ఏం మాట్లాడుకున్నారో మా మనవరాలు లాప్‌టాప్‌లో ఇంగ్లీషులో టైప్ చేసి అందరికీ ఈమెయిల్ చేసేది. అందులో ఒక చోట, అక్కడ రెండు వైపులకూ మధ్య కట్టినదాన్ని గోడ అని రాస్తే, అది గోడ కాదు కంచె అని ఒకరు. కంచె అని మారిస్తే ఇంకొకరు. ఒక ఊరికి ఏ పేరు రాయాలి, ఒక సంవత్సరాన్ని ఏమని పిలవాలి, అన్నీ గొడవలే. రెండు పేజీల రాతకు అంతకు పదింతలు ఉత్తరాలు వచ్చాయి. నాలుగోసారి లెక్కల టీచరమ్మ మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఆవిడ పాలస్తీనా ఆవిడ, ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఐదోసారి పళ్ళ డాక్టరమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆవిడ ఇజ్రాయెల్ ఆవిడ, మా అమ్మాయి పన్ను పీకింది కూడా ఆవిడే. మళ్ళీ ఎవరైనా లేస్తే ఇక రావడం మానేస్తామని ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి చెప్పారు.

ఆ వారం కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. గోధుమరంగు కుక్క వెళ్ళింది, స్కూల్ బస్సు వెళ్ళింది, రాసుకునేవాళ్ళు లేరు. నాకు భయం వేసి చారు పట్టుకుని వెళ్ళాను. ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు, ఒంట్లో బాగానే ఉంది. గిన్నె చేతిలోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు ఇద్దరి మధ్యా కూర్చుని రాశాను చెల్లీ. నేను రాసినందువల్ల అక్కడ ఏదీ ఆగలేదు. ఈ ఆరుగురైనా నా ఇంట్లో కూర్చున్నారు అనుకున్నాను."

నాకు అర్థమైంది. ఆ బల్ల లేకపోతే ఆయనకు కుక్కలూ బస్సులూ తప్ప ఇంకేమీ మిగలవు.

ఉపాయం మా మనవరాలిది. శుక్రవారం సాయంత్రం నేను పిండి కలుపుతుంటే పక్కన నిలబడి, ఇకమీదట కంప్యూటరూ వద్దు, ఈమెయిలూ వద్దు, ఆ ఆరుగురికీ రాని భాషలో చేత్తో రాసి, లేచేముందు అక్కడే పైకి చదివి ఇంగ్లీషులో వినిపించేద్దామంది. ఎవరూ చదవలేరు కాబట్టి అక్షరాల మీద పోట్లాడలేరు. విన్నప్పుడు తప్పుంటే అప్పుడే చెప్పి దిద్దుకోవచ్చు.

"బాగానే ఉంది. ఎవరు రాస్తారు?" అన్నాను.

అది నా వైపే చూస్తోంది.

"నా రాత నాకే అర్థం కాదే తల్లీ."

"ఈవెన్ బెటర్, అమ్మమ్మా."

వాళ్ళిద్దరినీ ఒప్పించే పని కూడా అదే చేసింది. టీచరమ్మ ఫోన్‌లో ఒకటే ప్రశ్న అడిగిందట, ఈ తెలుగువాళ్ళు ఎవరి వైపని. "వాళ్ళలో వాళ్ళే విడిపోయి రెండు స్టేట్స్ చేసుకున్నారు ఆంటీ, వేరేవాళ్ళ గొడవకి వాళ్ళకి టైమ్ లేదు" అని ఇది చెప్పిందట. ఆవిడ నవ్విందట. డాక్టరమ్మ అయితే, ఆ జంతికలావిడే కదా, సరే అన్నదట.

ఇంట్లో మా అమ్మాయికి మాత్రం నవ్వు ఆగలేదు. ఆఫీస్ కాల్ మ్యూట్ చేసి మరీ వచ్చి, "అమ్మా, డిప్లొమాట్ ఉద్యోగానికి ఏం చీర కట్టుకుంటావ్?" అని అడిగింది. నేను నీలం నేత చీర కట్టుకున్నాను. అన్నయ్యగారి టోపీ రంగు.

శనివారం మూడింటికి రెండు తలుపుల్లోంచి ఆరుగురూ లోపలికి వచ్చారు. నన్ను డాక్టరమ్మకూ టీచరమ్మకూ మధ్య కూర్చోబెట్టారు. నాకు అర్థం అవుతుందో లేదో అని ముందు కంగారుపడ్డాను. కానీ అమెరికా వాళ్ళ ఇంగ్లీషు కంటే వీళ్ళ ఇంగ్లీషు నాకు సులువు. వాళ్ళు కూడా నాలాగే ఒక్కొక్క మాటా వెతుక్కుని మాట్లాడతారు.

కష్టం చేతితోనే వచ్చింది. నేను ఒక వాక్యం రాసేలోపు వాళ్ళు ఎనిమిది వాక్యాలు మాట్లాడేస్తున్నారు. అన్నయ్యగారు ఒక పద్ధతి పెట్టాడు. నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఎవరైనా సరే ఆగాలి. దించాకే మాట్లాడాలి. మొదటి అరగంట నా చెయ్యి దిగితే ఒట్టు. డాక్టరమ్మ ఏదో అనడం, టీచరమ్మ జవాబు చెప్పడానికి ముందుకు వంగడం, నా చెయ్యి లేవడం. ఆవిడ నోటిదాకా వచ్చిన మాటను అలాగే పట్టుకుని కూర్చోవాలి. ఊరికే ఉండలేక ఒక జంతిక తీసుకునేది. కోపంలో ఉన్న మనిషి జంతిక కొరికితే చాలా చప్పుడవుతుంది. పాపం ఆవిడకే నవ్వు వచ్చేది. నేను చెయ్యి దించేసరికి, చెప్పాలనుకున్న మాటలో సగం తగ్గి ఉండేది.

మధ్యలో ఒకసారి ఆవిడ నా పుస్తకంలోకి తొంగిచూసి, మీ అక్షరాల్లో మూలలే లేవు, లెక్కల టీచరుగా నాకు ఇది నచ్చింది అన్నది. అవతలి నుంచి డాక్టరమ్మ కూడా తొంగిచూసింది. నా పేజీ మీద వాళ్ళిద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. మళ్ళీ ఎవరి కుర్చీలోకి వాళ్ళు సర్దుకున్నారు.

ఆ రోజు మాట ఫోన్ల మీదకు వెళ్ళింది. డాక్టరమ్మ కొడుకు ఇజ్రాయెల్లోనే ఉంటాడు. యుద్ధంలోకి పిలిచారు. ఒక రాత్రంతా ఫోన్ ఎత్తలేదట. ఆవిడ తెల్లవార్లూ వంటింట్లో నిలబడే ఉందట. టీచరమ్మను పెంచిన పిన్ని గాజాలో ఉంది. ఆవిడ ఫోన్ పంతొమ్మిది రోజులు మోగలేదు. రోజూ స్కూల్లో ఇంటర్వెల్‌కి బయటికి వచ్చి కార్‌లో కూర్చుని ఫోన్ చేసేదట. ఇరవయ్యో రోజున పిన్ని ఎత్తి, ఏం తిన్నావని అడిగిందట.

అప్పటికి నా వేళ్ళు బిగుసుకుపోయాయి. అన్నీ చెవితో విన్నాను, చేత్తో మాత్రం కొంచెమే రాశాను.

ఐదు గంటలకు చదవమన్నారు. మనుషుల ముందు పైకి చదవడం నాకు అదే మొదటిసారి. మా ఆయన పేపరు చదివిన తీరే గుర్తుతెచ్చుకుని, ఒక వాక్యం చదివి ఆగేదాన్ని. మా మనవరాలు దాన్ని ఇంగ్లీషులో చెప్పేది.

"ఒక అక్క అన్నది, చలికి పెరటి తలుపు దగ్గర ఆలస్యం చేయవద్దని. ఒక తమ్ముడు అన్నాడు, తన పిల్లలకు ఏ దేశపటం చూపించాలో తెలియడం లేదని. ఒక బాబాయి అన్నాడు, పటం సంగతి తర్వాత, ముందు ఇల్లు చూపించమని."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇందులో నేనెవర్ని అని అడిగాడు ఒకతను. నువ్వు తమ్ముడివి అని చెప్పింది మా మనవరాలు. బాబాయి ఎవరో తేలేసరికి బల్ల చుట్టూ నవ్వులు. అన్నయ్యగారు కూడా నవ్వుతున్నాడు కానీ ఆయన కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

తర్వాతి వాక్యం చదివాను. "ఇద్దరు అక్కలు ఫోన్ కోసం ఎదురుచూశారు. గొంతు వినేదాకా ఇద్దరికీ ముద్ద దిగలేదు."

మా మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. టీచరమ్మ మళ్ళీ చెప్పమంది. అది మళ్ళీ చెప్పింది. ఆవిడ లేచి నిలబడి కుర్చీకి తగిలించిన సంచి భుజానికి వేసుకుంది.

నేను అన్నయ్యగారి వైపు చూశాను. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కిటికీ దగ్గరి ఆ ఖాళీ కుర్చీ నా కళ్ళముందు కనబడింది. ఈ బల్ల నా వల్లే పోయింది అనుకున్నాను.

"ఆవిడ చెప్పింది ఒక్క రాత్రి" అన్నది టీచరమ్మ, గొంతు పెంచకుండానే. "నేను చెప్పింది పంతొమ్మిది రోజులు. రెండూ కలిపి ఒకటి చేసేశారు. ఎవరు అన్నారో కూడా లేదు."

డాక్టరమ్మ ఏమంటుందోనని అందరూ అటు తిరిగారు. ఆవిడ కుర్చీలోనే నా వైపు తిరిగింది.

"ఆవిడ చెప్పింది నిజం. మావాడు తెల్లారి ఫోన్ ఎత్తాడు, నిద్రపోయాను అన్నాడు. నాది ఒక రాత్రి. దాన్ని ఆవిడ పంతొమ్మిది రోజుల పక్కన ఒకే వాక్యంలో పెడితే నేనూ ఒప్పుకోను. దిద్దండి."

టీచరమ్మ సంచి దించలేదు, అడుగు కూడా వేయలేదు. "ఆ ఒక్క రాత్రి కూడా ఉండాలి" అన్నది. "తీసేయమని నేను అనడం లేదు. విడిగా రాయండి."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తప్పు ఒప్పుకోవడం మేలనిపించింది. "చెయ్యి నొప్పి పుట్టింది. ఇద్దరూ ఒకటే చెప్పారు అనుకుని ఒక్కసారే రాసేశాను" అన్నాను. మా మనవరాలు ఆ మాట చెప్పడానికి కొంచెం వెనకాడింది కానీ చెప్పింది.

డాక్టరమ్మ నా చెయ్యి తీసుకుని వేళ్ళు నొక్కి చూసింది. నొప్పి పుడితే చెప్పాలి కదా, మీరు చెయ్యి ఎత్తితే ఆగమన్నారు, ఆగాం కదా అని కోప్పడింది. అవును, మేము ఎంతసేపు కావాలన్నా ఆగేవాళ్ళం అని టీచరమ్మ అటువైపు నుంచి కోప్పడింది. సంచి మళ్ళీ కుర్చీకి తగిలించింది, నన్ను తీరిగ్గా కోప్పడడానికి.

అన్నయ్యగారు వెనక్కి వాలి గట్టిగా నవ్వాడు. "ముప్పై ఏళ్ళలో ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలోనే ఒక్కటి కావడం చూశాను" అన్నాడు. "పరిశీలకుడు తప్పు రాశాడు అన్న విషయంలో."

తర్వాత ఆయన నాకు నెమ్మదిగా చెప్పాడు, మూడింటిలో మొదటిది వదిలేశావు చెల్లీ, ఎవరు అన్నది అని. నేను అక్కలనీ తమ్ముళ్ళనీ రాశాను కదా అన్నాను. పేరు రాయాలన్నాడు. ఆ మాట పట్టుకుని టీచరమ్మ, "పేరు లేకపోతే రేపు ఎవరైనా, అలా ఎవరూ అనలేదు అంటారు. మాకు అది అలవాటే" అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు మా వంటింటి గుమ్మం గుర్తొచ్చింది. ఎవరు ముందు లేచిపోయారని నలభై ఏళ్ళు అడిగి, రాయరు అన్న జవాబే విన్నదాన్ని, తీరా నా చేతికి పెన్ను వస్తే నేనూ రాయలేదు. కావాలని చేసింది కాదు. మేము మనుషుల్ని పేరు పెట్టి పిలవం. పెద్దవాళ్ళనైతే మరీ పిలవం. మా ఆయన పేరు ఆయన ఉన్నన్నాళ్ళూ నా నోటితో పలకలేదు. ఆఫీసుల్లో అడిగితే పక్కనున్న వాళ్ళు చెప్పేవాళ్ళు. ఈ సంగతి చెబితే వాళ్ళు వింతగా విన్నారు.

"మరి ఆయన్ని ఏమని పిలిచేవారు?" అన్నది డాక్టరమ్మ.

"ఏమండీ అని."

"ఆయన పలికేవారా?"

"ఒక్క కేకకే."

"నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, నాలుగు కేకలు వేసినా పలకడు" అన్నది ఆవిడ.

టీచరమ్మ వాళ్ళ అత్తగారు కూడా మొగుడి పేరు చెప్పేది కాదట. పెద్దకొడుకు పేరు చెప్పి, ఫలానావాడి తండ్రీ అని పిలిచేదట. ఈ ఏమండీ అన్న మాట బాగుంది, నేర్చుకుంటాను అన్నది. డాక్టరమ్మ కూడా పలికి చూసింది. ఆ బేస్‌మెంట్‌లో కాసేపు అందరూ ఏమండీ, ఏమండీ అనుకున్నారు.

వెళ్ళేముందు ఆరుగురూ ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి పేరు నెమ్మదిగా, రెండేసి సార్లు చెప్పి వెళ్ళారు. రెండు వారాల తర్వాత దిద్దిన రాత వినడానికి వస్తామన్నారు. టీచరమ్మ పెరటి గడప దగ్గర ఆగి, జంతికలు కూడా తేవాలని చెప్పింది. డాక్టరమ్మ ఆ వెనకే, మెట్ల దారి తన వంతైనా, పెరటి తలుపులోంచే వెళ్ళింది. అన్నయ్యగారు అది చూశాడు. గడియారం చూసుకున్నాడు.

ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవి ఉండవలసిన పుస్తకంలో ఉన్నాయి, చాలు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే లేచి, స్నానం చేసి, కాఫీ తాగి, డైనింగ్ టేబుల్ దగ్గర కొత్త పేజీ తీశాను. పైన తేదీ, టైము, బేస్‌మెంట్ అని రాశాను. కింద ఎవరి మాట ముందు వాళ్ళ పేరు. పెద్దవాళ్ళ పేర్లు అలా ఒట్టిగా రాయడానికి చెయ్యి రాలేదు, అందుకని ప్రతి పేరు చివరా గారు చేర్చాను. అలా చేయకూడదని అన్నయ్యగారు అనలేదు కదా. నిన్న ఒక్క వాక్యంగా రాసింది ఇవాళ రెండయింది. ఒకదానిలో ఒక రాత్రి. ఇంకోదానిలో పంతొమ్మిది రోజులు, కార్, ఇంటర్వెల్, పిన్ని, ఏం తిన్నావన్న ప్రశ్న. రెండింటి మధ్యా ఒక వరుస ఖాళీ వదిలాను. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా పెన్ను పెట్టేసి, ఇడ్లీ కుక్కర్ సంగతి చూసి వచ్చాను. మా అమ్మాయి లేచి వచ్చి, అమ్మా ఆదివారం కూడా డ్యూటీయేనా అన్నది. చెయ్యి ఎత్తాను. ఆగింది.

అయ్యాక నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, వేడి ఇడ్లీల డబ్బా పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీలో అన్నయ్యగారు ఉన్నాడు. నన్ను చూసి తలుపు తీయడానికి లేవబోయి, ఆగి, గడియారం చూసి, పుస్తకం తెరిచాడు. అద్దంలోంచి ఆయన పెన్ను కదలడం కనబడుతోంది. బయట చలిగా ఉంది. రాసుకోనీలే అని, ఆయన పెన్ను పెట్టేదాకా మెట్టు మీదే నిలబడ్డాను.